ఉప్పునీళ్ళకు చాలని బరువు

హేవిళంబి సంవత్సరం కార్తీక మాసంలో, అనగా 1957 నవంబరు 18వ తేదీ సోమవారం నాడు, కర్నూలు జిల్లా మార్కాపురం పట్టణంలో, తర్లుపాటి నరసయ్య కొడుకు ఓబులయ్య, వయసు డెబ్బై ఎనిమిది, ఒకప్పుడు ప్లీడరు, తన చేతివ్రాతతో రాస్తున్న ఆఖరి వీలునామా.

నా బుద్ధి స్థిరంగా ఉంది. ఈ మాట రాసినవాళ్ళ బుద్ధి స్థిరంగా లేదని కోర్టులో నేనే చాలాసార్లు వాదించాను గనక ఉత్త మాటతో సరిపెట్టను. ఈ ఉదయం నా పంచె నేనే ఉతికి ఆరేశాను. నిన్నటి ఖర్చు కొత్త నయాపైసల్లో కూడి, మళ్ళీ పాత అణాల్లో కూడి చూశాను. రెండూ కలిశాయి. నిన్న సాయంత్రం డాక్టరుగారు నన్ను పరీక్షించి, "పోయింది మతి కాదు ప్లీడరుగారూ, మోకాళ్ళు" అన్నారు. ఆ మాటే కాస్త మర్యాదగా రాసి ఇచ్చారు. ఆ కాగితం దీనికి జతచేశాను. నన్నెవరూ ఒత్తిడి చేయలేదు. ఒత్తిడి చేసేంత దగ్గరగా వచ్చి కూర్చునేవాళ్ళు నాకు తక్కువ.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. నా పేరున ఇంకొకటి ఎవరి దగ్గరైనా బయటపడితే అది నేను రాసింది కాదు.

1. నా తరవాత ఇందులోని పనులు జరిపించే బాధ్యత రిటైరయిన హెడ్మాస్టరు చెంచయ్యగారికి అప్పగిస్తున్నాను. సాయంత్రాలు మేమిద్దరం తాలూకా ఆఫీసు అరుగు మీద కూర్చుంటాం. ఆయన పేపరు పైకి చదువుతారు, నేను వింటాను. చీకటి పడితే లేచి ఎవరి దారిన వాళ్ళం పోతాం. దీన్ని స్నేహం అంటారనే అనుకుంటున్నాను. ఆయన్ని అడగలేదు. శ్రమకు ప్రతిఫలంగా నా దగ్గరున్న ఇత్తడి దిక్సూచి ఆయన తీసుకోవాలి. అది ఒకప్పుడు నేనూ నా భాగస్తుడూ కట్టిన పడవ కోసం మద్రాసు నుంచి తెప్పించింది. పడవలో అక్కరకు రానిది అదొక్కటే, ఎందుకంటే మేము ఎటూ పోలేదు.

2. నా ఆస్తి అంతా స్వార్జితం. పిత్రార్జితంగా నాకు వచ్చింది ఇంటిపేరు మాత్రమే. ప్లీడర్ల వీధిలో మిద్దె ఇల్లు, తర్లుపాడు పొలిమేరలో మెట్ట చేను, పుస్తకాలు, పడవ తాలూకు మిగిలిన సామాను నావి. కంభం రోడ్డు మీది రేకుల షెడ్డు గురించి తొమ్మిదో పేరాలో రాశాను.

ఆ షెడ్డులో నా భాగస్తుడు, కాలం చేసిన ఎజ్రా కూతురు ఎలీషబా కాపురం ఉంటూ, నలుగురు ఆడవాళ్ళను పెట్టుకుని బడి పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంది. ఆమెకు వేరే ఇల్లు లేదు, వేరే బతుకుతెరువు లేదు. నా చెల్లెలి కొడుకు మస్తానయ్య పలకల వ్యాపారి. ఆ షెడ్డు గోడౌనుకు పనికొస్తుందని అతని ఆశ. ఉగాది ముందు అంగడి వీధిలో పదిమంది వినేటట్టు, "మామ కన్ను మూసిన దినమే ఆ షెడ్డుకు నా తాళం పడతాది. ఆయమ్మను పొయ్యీ, సుత్తీ ఇప్పుడే సర్దుకోమని చెప్పండి" అన్నాడు. చెప్పారు. ఆమె సర్దుకోలేదు. కానీ ఆ రోజు నుంచి కొత్త చెక్క కొనడం మానేసింది. పని సాగే మనిషి చెక్క కొనడం మానేసిందంటే దానర్థం నాకు తెలుసు. అందుకే ఈ వీలునామా.

మస్తానయ్య ఇది చేతికి రాగానే ముందు తొమ్మిదో పేరాకే పోతాడు. పోనివ్వండి. మిగతావాళ్ళకు చెంచయ్యగారు వరుసగా చదివి వినిపించాలి. ఆ షెడ్డు ఎందుకు కట్టామో తెలియనివాళ్ళకు తొమ్మిదో పేరా అన్యాయంగా కనపడుతుంది.

3. నేను పెద్ద చదువు చదవలేదు. కంభంలో ఒక వకీలుగారి దగ్గర కేసు కాగితాల కట్టలు మోసే పనికి చేరి, ఆయన పారేసిన చిత్తు కాగితాల మీద ఇంగ్లీషు నేర్చుకుని, సెకండు గ్రేడు ప్లీడరు పరీక్షకు సొంతంగా చదివి పాసయ్యాను.

ఎజ్రా నాకు కక్షిదారుగా పరిచయం. గిద్దలూరు పక్కన క్రైస్తవుల పల్లెలో పుట్టాడు, రైల్వేలో ఫిట్టరు. కంభం చెరువు తూము ఒకటి నీళ్ళ అడుగున ఇరుక్కుపోతే ఎవరూ దిగలేకపోయారు. ఎజ్రా ఒక ఇనప పెట్టె చేసి, గాలికి గొట్టం పెట్టి, అందులో కూర్చుని తాళ్ళతో దిగి తూము విడిపించాడు. పని చేయించుకున్న కంట్రాక్టరు, "పని చేసింది పెట్టె. నువ్వు ఊరికే కూచున్నావు" అని కూలి ఎగ్గొట్టాడు. ఆ దావా నేను గెలిచాను. కూలి చేతికి వచ్చాక ఎజ్రా వెళ్ళిపోలేదు. గుమ్మం దగ్గర నిలబడి, "సామీ, ఆ పెట్టెకు తాడు లేకుండా చేస్తే ఎట్లుంటాది?" అన్నాడు.

అప్పట్లో విదేశాల్లో నీళ్ళ కింద నడిచే పడవలు కడుతున్నారని మద్రాసు పేపర్లలో చదివేవాణ్ణి. కట్టేవాడు ఒకడుంటే, హక్కులు రాయించేవాడు, పెట్టుబడి పోగుచేసేవాడు ఇంకొకడు కావాలట. అక్కడ ఆ పని చేసి పైకి వచ్చిన లాయర్లున్నారు. వాళ్ళ ఫోటోలు చూశాను. నా బతుకంతా పక్కవాడి గట్టు తగాదాల్లో గడిచేట్టు ఉంది. ఎజ్రా అడిగిన ప్రశ్న ఒక్కటే గట్టు లేనిదిగా కనపడింది. సముద్రంలో శంఖాలూ ముత్యాలూ తీయించే కంపెనీలకు అలాంటి పడవలు కట్టి అమ్ముదామని, కంభం మునుగుపడవల కంపెనీ అని పేరు పెట్టి షేర్లు అమ్మాను. పలకల వర్తకులు కొన్నారు, ఇద్దరు కరణాలు కొన్నారు, రాచర్లలో గొర్రెలు మేపే రామసుబ్బయ్య డబ్బు లేక పొట్టేళ్ళు తోలుకొచ్చి కొన్నాడు.

నా భార్య రాఘవమ్మ అప్పుడు బతికి ఉంది. బావి నుంచి నాలుగో బిందె మోసుకొచ్చి దించి, "తాగను నీళ్ళు లేని ఊర్లో నీళ్ళ కింద పొయ్యే పడవేంది?" అని అడిగింది. ఊళ్ళో చాలామంది అడిగారు గాని ఆమె అడిగినంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆ రోజు ఐదో బిందె నేను మోశాను.

షెడ్డు స్థలం కొనడానికి డబ్బు సగం నాది, సగం ఎజ్రాది. రైల్వే ఉద్యోగం మానినప్పుడు చేతికొచ్చినదంతా అతను దానికే పెట్టాడు. అమ్మినాయన మాత్రం, ఎజ్రా పేరు చేర్చితే రిజిస్ట్రారు ఆఫీసు గడప ఎక్కనన్నాడు. కారణం రాయను. ఈ ఊరివాళ్ళకు రాయనక్కర లేదు. దస్తావేజు నా ఒక్కడి పేరున వచ్చింది. మన ఇద్దరి మధ్య విడిగా కాగితం రాసుకుందామని నేనంటే, ఎజ్రా నవ్వి, "ముందు పడవ మునగనీ సామీ. తేలేదానికి కాగితమెందుకు?" అన్నాడు. ఇందులో ఉన్న సత్యం ఇంతే. ఆ షెడ్డు మొదటి రోజు నుంచీ సగం ఎజ్రాది.

4. ఇక బందరు సంగతి. దాని గురించి నలభై ఏళ్ళుగా ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు. ఒకసారి సరిగ్గా రాసి పెడతాను.

పడవ షెడ్డులో రెండు ముక్కలుగా కట్టి, ఎద్దుబండ్ల మీద కంభం చేర్చి, చెరువు గట్టున ఒకటిగా బిగించాం. లోపల ఇద్దరు పట్టేవాళ్ళు. చేత్తో తిప్పితే నడుస్తుంది. పక్కల ఉన్న తొట్లలోకి నీళ్ళు వదిలితే దిగుతుంది, పంపుతో తోడేస్తే లేస్తుంది. అడుగున బరువుకు మార్కాపురం పలక రాళ్ళు పేర్చాం. ఎన్ని రాళ్ళు కావాలో ఎజ్రా చెరువులో ముంచి, లేపి, ముంచి, లేపి సరిచూశాడు. ఊళ్ళకు ఊళ్ళు సద్దులు కట్టుకుని చూడటానికి వచ్చాయి. మునిగినప్పుడల్లా గట్టు మీద ఆడవాళ్ళు గొల్లుమన్నారు, లేచినప్పుడల్లా ఈలలు వేశారు. కంభం నీళ్ళలో అది ఒక్కసారి కూడా మాట తప్పలేదు.

మద్రాసులో శంఖాల ఎగుమతి చేసే ఒక కంపెనీ ఏజెంట్లు బందరులో చూస్తామన్నారు. రైలు మీద తీసుకుపోయాం. ఎజ్రా గాని, నేను గాని సముద్రం చూడటం అదే మొదలు. ఒడ్డు బురద దాటించి లోతుకు లాగించి, ఎజ్రా లోపల కూర్చుని తొట్లు నింపాడు. పడవ కొంచెం దిగి ఆగిపోయింది. వీపు నీళ్ళ పైన మెరుస్తూనే ఉంది. ఎంతసేపటికీ అంతే. మమ్మల్ని లాగుకొచ్చిన జాలర్లు కడుపు పట్టుకున్నారు. "మీ పడవ బాతు జాతిదండీ బాబూ, ముంచుతుంటే సిగ్గుపడుతోంది!" అన్నాడొకడు. ఏజెంట్లు నవ్వలేదు. గడియారం చూసుకున్నారు.

ఎజ్రా మూత తీసి బయటకు వచ్చి, అరచేత్తో నీళ్ళు తీసి నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పు నీళ్ళు బరువు సామీ. ఇవి పైకి తోస్తాండాయి. మనం రాళ్ళు పేర్చింది కంభం నీళ్ళకు. మనకు ఈ ఉప్పు యాడ తెలుసు? ఇంకాస్త బరువు పెడితే రాయి మాదిరి దిగుతాది" అన్నాడు. నేను ఒడ్డుకు చేరి, ఏజెంట్లను ఒక్క రోజు ఆగమని అడిగాను. ఇంగ్లీషులోనే అడిగాను. సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. నీళ్ళు తెలియని దేశం నుంచి పడవ తెచ్చామని పేపర్లో వేయించారు. అది నిజం గనక ఖండించలేదు.

మరునాడు ఇసుక మూటలు కట్టి, జాలర్లకు మళ్ళీ కూలి ఇచ్చి, లోతుకు పోయాం. ఎజ్రా, "మీరూ రాండి సామీ. చూసేవాళ్ళు ఎవురూ లేరు గదా, మనమన్నా చూద్దాం" అన్నాడు. నాకు ఈత రాదు. ఎక్కాను. తొట్లు నింపగానే పడవ నిదానంగా, నిలువునా దిగింది. కిటికీ అద్దంలో తెల్లటి వెలుగు పోయి పచ్చటి వెలుగు వచ్చింది. అలల చప్పుడు ఆగింది. నా చెవుల్లో ఎప్పుడూ ఉండే కోర్టు వసారా గోల కూడా ఆగింది. ఎజ్రా నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, చూడు" అన్నాడు. చూశాను. ఇద్దరం మోకాళ్ళు ఆనించుకుని కూర్చుని చూశాం. నా పేరు గాని, వృత్తి గాని, కులం గాని ఎవరూ అడగని చోటు భూమ్మీద లేదని తెలుసు. అక్కడ ఉంది.

పంపు కొట్టి లేచాం. మూత తీసి నా చెయ్యి పట్టుకుని పైకి లాగుతూ, "జాగ్రత్త సామీ" అన్నాడు.

పడవ ఉప్పునీళ్ళలో మునిగింది, లేచింది. చూసింది నలుగురు జాలర్లు. వాళ్ళ పేర్లు రాసుకోలేదు. సాక్షుల పేర్లు రాసుకోవడం వృత్తిగా ఉన్నవాణ్ణి, ఆ రోజు నాకు ఆ ఊసే రాలేదు.

తరవాత మద్రాసుకు టెలిగ్రాములు పంపాను, ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. అంతలో 1914 యుద్ధం వచ్చింది. నీళ్ళ కింద తిరిగే వస్తువు ప్రైవేటు మనుషుల దగ్గర ఉందని పోలీసులు వచ్చి చూసిపోయారు. ఆ తరవాత కొంటామని అడిగినవాడు లేడు. కంపెనీ మూసి, షేర్లు కొన్నవాళ్ళకు నా ప్లీడరీ మీద వచ్చినదాంతో తీర్చాను. ఎవరికీ బాకీ లేను. తీరేలోపు రాఘవమ్మ విషజ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఆ తరవాత ఇంట్లో నాతో మాట్లాడింది గోడ గడియారం. అది కూడా అరగంటకోసారే.

5. రాచర్ల రామసుబ్బయ్యకు డబ్బు తీర్చబోతే వద్దన్నాడు. "నేను పెట్టింది గొర్రెలు ప్లీడరన్నా. గొర్రెలకే ముట్టాల. పడవ అడుగు సగం ఇయ్యి, తొట్టి చేసుకుంటా" అన్నాడు. కోయించి ఇచ్చాను. ఇప్పటికీ వాళ్ళ దొడ్డి ముందు అందులోనే మందలు నీళ్ళు తాగుతాయి. పోయిన ఏడాది మస్తానయ్య అక్కడికి పోయి, ఆ ఇనుము కంపెనీదని, మామ ఇచ్చింది అరువుగా మాత్రమేనని అన్నాడట. రామసుబ్బయ్య కొడుకులు నాకు కబురు చేశారు. ఆ తొట్టి వాళ్ళది. అరువు కాదు, అమ్మకం కాదు, అడగకుండా ఎవరూ తాకరానిది. ఒకసారి చూసొద్దామని పోయాను. గొర్రెలు వరసగా వంగి తాగుతున్నాయి. లోపలి వైపు ఎజ్రా సుత్తి దెబ్బల గుర్తులు నీళ్ళ కింద కనపడ్డాయి. టీ ఇస్తామన్నారు, బస్సు టైమైందని వచ్చేశాను. బస్సుకు చాలా టైముంది.

6. పడవ కిటికీ అద్దం, ఇత్తడి చట్రంతో సహా, నా చెల్లెలు, మస్తానయ్య తల్లి రంగమ్మకు. ఊరంతా ఖర్చు ఎంత అని అడిగింది, ఎవరిని ముంచావని అడిగింది. రంగమ్మ ఒక్కతే, "అన్నా, లోపల్నుంచి చూస్తే ఏం కనపడినాది?" అని అడిగింది. నేను, "నీళ్ళు" అని ఊరుకున్నాను. అది సరైన జవాబు కాదని అప్పుడే తెలుసు. రంగమ్మా, లేత చింతాకును వెలుగుకు పట్టి చూస్తే ఉండే రంగు కనపడింది. అద్దం తూర్పు కిటికీలో పెట్టుకో. తర్లుపాడు చేను కూడా నీదే. పండే సంవత్సరం తిను, పండని సంవత్సరం నన్ను తిట్టు.

7. రాఘవమ్మ ముక్కుపుడక మస్తానయ్య భార్య కోటమ్మకు. ఆమె మొగుడు నాతో మాటలు మానిన నెలల్లో కూడా ఆమె నాకు గోంగూర పచ్చడి పంపింది. ఒకసారి తనే తెచ్చి, "మామా, ఆయన మాటలకేం గాని, తిను. జాడీ మాత్రం కడిగి ఇయ్యి. పోయినసారిది ఇంకా రాలే" అంది. ఆ పాత జాడీ వంటింటి అటక మీద ఉంది. అది కూడా ఆమెదే. తిరిగి ఇస్తే మళ్ళీ రావడానికి ఆమెకు కారణం ఉండదని ఇవ్వలేదు.

8. లా పుస్తకాలు బార్ అసోసియేషనుకు. వాటితోపాటు నా కుర్చీ కూడా. నాకు మునుగుడు ప్లీడరు అని పేరు పెట్టిన పెద్దమనిషి ఇప్పుడు లేరు గాని, ఆయన కొడుకూ మనవడూ అక్కడే ప్రాక్టీసు చేస్తున్నారు. ఆ పేరు వల్ల నా గుమ్మం దాకా వచ్చి పక్క గుమ్మానికి పోయిన కక్షిదారులున్నారు. కుర్చీ వెనక కాలు కుంటిది. ఆ కుటుంబానికి ముందు అవకాశం ఇవ్వాలి.

నా రోజువారీ జమాఖర్చు పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. వాటిలో ఏదో ఉందని ఎవరూ వెతకవద్దు. ఉప్పు, కిరసనాయిలు, తపాలా బిళ్ళలు తప్ప ఏమీ లేవు. రోజూ సాయంత్రం ఎవరితోనో కూర్చుని ఆ రోజు ఏం జరిగిందో చెప్పుకోవడం అందరికీ ఉంటుంది. నేను పుస్తకంతో చెప్పుకున్నాను. చిల్లర అంగడికి ఇచ్చేయండి. పొట్లాలకు మంచి కాగితం.

9. కంభం రోడ్డు షెడ్డు, దాని స్థలం.

ఈ వీలునామా ద్వారా ఆ షెడ్డు నేనెవరికీ ఇవ్వడం లేదు. ఇవ్వడానికి అది నాది కాదు.

మస్తానయ్యా, ఇక్కడిదాకా వచ్చావు గనక కూర్చుని చదువు. వీలునామాలు ఎలా విరుగుతాయో నాకు తెలుసు. కొన్ని నేనే విరిచాను. ముసలివాడికి మతి లేదంటారు. వండిపెట్టిన ఆడమనిషి మందు పెట్టిందంటారు. వేరే మతందని, వేరే కులందని నోటితో అనకుండా అనిపిస్తారు. జవాబు చెప్పవలసిన మనిషి అప్పటికి బూడిదై ఉంటాడు. అందుకని నేను ఉండగానే, నాలుగు నెలల కిందట, ఆ షెడ్డూ స్థలమూ ఎలీషబాకు దానపట్టా రాసి రిజిస్టరు చేయించాను. సగం ఆమె నాయనది ఎలాగూ ఆమెదే. మిగతా సగం నా ఇష్టం. సబ్ రిజిస్ట్రారు నన్ను రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఒకే జవాబు చెప్పాను.

కష్టం నీ దగ్గర రాలేదు, ఆమె దగ్గర వచ్చింది. దానం పుచ్చుకునేవాళ్ళు ఒప్పుకోకపోతే చెల్లదు. నేను కాగితం తీసుకుపోతే ఆమె సుత్తి కింద పెట్టకుండానే, "నాకొద్దు పెదనాయనా. నువ్వు పోయినాక నన్ను కోర్టు మెట్లెక్కించేదానికా ఇది? నాయన ఒక్క కాగితం అడగలే, నేనెందుకు అడగాల?" అంది. కోర్టు మెట్లు ఎక్కకుండానే ఇది రాశానని చెప్పాను. సెక్షన్లు చెప్పాను. విని, చెక్క పొట్టు దులుపుకుని, "అయితే ఒక మాట. ఆ ఉత్తరం పక్క, పడవ కట్టిన జాగా, ఇన్నేండ్లుగా ఖాళీగా ఉండాది. నువ్వు వచ్చి అక్కడుంటే సంతకం పెడతా. లేకుంటే నీ షెడ్డు నీకే" అంది.

ఎదుటి కక్షి షరతు పెడితే గడువు అడగటం అలవాటు. గడువు అడిగాను. ఇంటికి వచ్చి నా మంచం, నా కుండ, నా గడియారం చూసుకున్నాను. ఒంటరిగా ఉండటం నాకు అలవాటైన పని, బాగా వచ్చిన పని. ఇంకొకరి పొయ్యి పొగ వచ్చే చోట ఉండటం రాదు. మూడు వారాలు ఆలోచించాను. మూడో వారం చివర ఆమె పక్కింటి పిల్లతో, "గడువు అయిపోయిందంట, చెప్పిరా" అని కబురు పంపింది.

వెళ్ళాను. ఆమె సంతకం పెట్టింది. కానీ ప్లీడరుగా నాకు ఒక చిక్కు కనపడింది. దానమిచ్చినవాడు అందులోనే కాపురం ఉంటే, స్వాధీనం చెయ్యలేదు, ఇదంతా నాటకం అని రేపు మస్తానయ్య తరఫున ఎవరో వాదిస్తారు. నేనైతే వాదిస్తాను. కాబట్టి ఉత్తరం భాగానికి నేను నెల నెలా అద్దె కడుతున్నాను, ఎలీషబా చేత రసీదు రాయించుకుంటున్నాను. మొదటి నెల ఆమె పడీపడీ నవ్వింది. "పెదనాయన దగ్గర అద్దె తీసుకున్నానని ఊరు నవ్వుతాది" అంది. నవ్వనీ అన్నాను. నవ్వినవాళ్ళందరూ రేపు నాకు సాక్షులే. రసీదులు మొత్తం దారం కట్టి చెంచయ్యగారికి ఇస్తున్నాను. పోయిన నెల ఆమె కొత్త చెక్క కొంది.

ఇది రాస్తున్నది ఆ భాగంలో కూర్చునే. నడుమ చెక్క అడ్డు ఉంది. అవతల పొద్దున్నుంచీ చట్రాలు బిగించే చప్పుడు, ఆడవాళ్ళ మాటలు. అద్దె పెంచమని ఒకామె ఎలీషబాకు సలహా ఇస్తోంది, నాకు వినపడాలనే. మధ్యాహ్నం ముక్కాలి పీట మీద జొన్నరొట్టె పెట్టి, "పెదనాయనా, తిన్నావా?" అని అటునుంచే అడుగుతుంది. "ఊఁ" అంటాను. అంతకన్నా పెద్ద జవాబు నేర్చుకునే వయసు దాటింది. అడగటం మాత్రం ఆమె మానలేదు.

10. ప్లీడర్ల వీధి ఇల్లు మస్తానయ్యకు. నాకు అతని మీద కోపం ఉంది గాని, చిన్నప్పుడు అతను నా వీపు మీద నిద్రపోయినవాడు. ఇల్లు పలకల గోడౌనుకు బాగా పనికొస్తుంది, కొలిచి చూశాను. ఒక షరతు. ఎలీషబా దానపట్టా మీద అతను గాని, అతని తరఫున ఇంకెవరైనా గాని ఏ కోర్టులోనైనా దావా వేసిన రోజున ఈ ఇల్లు అతనికి చెందదు, అతని భార్య కోటమ్మకు చెందుతుంది. ఆమె అతన్ని అందులో ఉండనిస్తుందా లేదా అన్నది వాళ్ళ సంసారం, అందులో నేను జోక్యం చేసుకోను.

11. నా అంత్యక్రియలు తక్కువలో, తొందరగా జరిపించాలి. కొరివి మస్తానయ్య పెట్టవచ్చు. ఇష్టం లేకపోతే చెంచయ్యగారు ఎవరినైనా కూలికి పిలవవచ్చు. ఎలీషబా శ్మశానం దాకా వస్తానంటే ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఆమె దూరంగా నిలబడతానంటే చెంచయ్యగారు వెళ్ళి దగ్గరకు రమ్మనాలి.

12. నేను నెల మొదట్లో పోయినా, నడిమిట్లో పోయినా ఆ నెలకు పూర్తి అద్దె కట్టి, ఎలీషబా చేత రసీదు రాయించుకోవాలి. నా మంచమూ, కుండా, గడియారమూ బయట పెట్టించి, ఉత్తరం భాగం ఊడ్పించి, తాళంచెవి ఆమె చేతిలోనే పెట్టాలి. మస్తానయ్య చేతికి కాదు, నా బంధువులు ఇంకెవరి చేతికీ కాదు. ఖాళీ చేసేవాడు చెయ్యవలసిన పద్ధతి అది.

రాసింది మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదువుకున్నాను. కొట్టివేతలు లేవు. కింద సంతకం చేసిన సాక్షులిద్దరూ నేను సంతకం పెడుతుండగా చూశారు. వాళ్ళకు ఇందులో ఏమీ రాదు.

మార్కాపురం, 18-11-1957

(సంతకం) తర్లుపాటి ఓబులయ్య
కంభం రోడ్డు షెడ్డు ఉత్తరం భాగంలో
ఎలీషబా గారి అద్దెదారు

సాక్షులు:
1. (సంతకం) యోసేపు, తపాలా ఆఫీసు రిటైర్డు గుమాస్తా, మార్కాపురం
2. (సంతకం) శ్రీశైలమ్మ, మంత్రసాని, ప్లీడర్ల వీధి, మార్కాపురం